విశాఖ తెన్నేటి పార్క్ రాళ్ళ దగ్గర ఏ రంగు లూర్ వెయ్యాలి? డబ్బా నిండా రంగులే, చేపలే లేవు

సాగర్‌నగర్_కొత్తగాలం
ఒడ్డు నుంచి లూర్ (అదే, గాలానికి కట్టే ఉత్తుత్తి ఎర) వేయడం మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు. ఊళ్ళో ఒక షాపుకెళ్ళి "మన బీచ్‌కి ఏవి పనిచేస్తాయండీ" అని అడిగితే, ఎండకి ఒకటి, మబ్బుకి ఒకటి, తెల్లారగట్ల ఒకటి, మునిమాపు వేళకి ఒకటి అంటూ డబ్బా నింపేశాడు. గులాబీ ఉంది, ఊదా ఉంది, పులిచారలు ఉన్నాయి, పొట్ట కింద హోలోగ్రామ్ తళుకులు ఉన్నాయి. బిల్లు చూశాక ఇంట్లో నాతో మాటల్లేవు.

తెన్నేటి పార్క్ కింద, 2020లో బంగ్లాదేశ్ షిప్పు కొట్టుకొచ్చి ఇరుక్కుందే, ఆ రాళ్ళ దగ్గర నిలబడి రంగులు మార్చి మార్చి వేస్తున్నాను. మొన్న నా పక్కనే ఒక పెద్దాయన, పెయింటంతా లేచిపోయిన తెల్ల మిన్నో (చిన్న చేప ఆకారం లూర్) ఒక్కటే పెట్టుకుని క్వీన్‌ఫిష్ మీద క్వీన్‌ఫిష్ లాగాడు. ఒక్కసారి కూడా మార్చలేదు. అడిగితే "నాకాడ ఇదే ఉంది బాబూ" అన్నాడు.

అక్కడ నీళ్ళు ఒకరోజు పచ్చగా, ఒకరోజు మడ్డిగా, ఒకరోజు అడుగు రాయి కనపడేంత తేటగా ఉంటాయి. దేనికి ఏ రంగు? నిజంగా తేడా ఉంటుందా, లేక నేను షాపువాడికి పండగ చేశానా?

లీడర్‌తెగింది
డబ్బా ఫొటో పెట్టు బ్రదర్. హోలీకి పనికొస్తుందేమో చూద్దాం.

జాలారిపేట_చిన్నోడు
మా మావ ఊహ తెలిసిన కాడ్నుంచి ఏటకి ఎల్తన్నాడు. కోనం సేపకి లాగుడు గాలం ఏస్తే మావ కట్టీది తెల్ల నైలాన్ పీచు. అది నేకపోతే తెల్ల కోడీక. రంగులేటి, గింగులేటి. బోటు స్పీడు కుదిరితే సేప కొడతాది. కుదరకపోతే నువ్వు బంగారం కట్టినా కొట్టదు.

ఉప్పుగాలి
చిన్నోడూ, మీ మావయ్యది లోపలి నీళ్ళు, బోటు వెనకాల లాగుడు. ఇతను ఒడ్డున అలల్లో, ఇసక లేచే చోట వేస్తున్నాడు. రెండూ ఒకటెలా అవుతాయి?

ఫిజిక్స్_మాస్టారు
ముందు వెలుతురు సంగతి తేల్చుకుంటే సగం గొడవ తీరుతుంది.

నీళ్ళలోకి దిగిన వెలుతురులో రంగులన్నీ ఒకే దూరం పోవు. తేట సముద్రంలో అన్నిటికంటే ముందు చచ్చేది ఎరుపు. పైనున్న 5-10 మీటర్లలోనే చాలావరకు పోతుంది. తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. నీలం అన్నిటికంటే లోతుకి దిగుతుంది. అక్కడ ఎర్ర వెలుతురే లేనప్పుడు ఎర్ర లూర్ ఎర్రగా ఎలా కనపడుతుంది? బూడిద రంగులో ఉంటుంది, ఇంకా కిందికి పోతే నల్లగా.

చాలామంది వదిలేసేది ఇంకోటుంది. దూరమంటే లోతు ఒక్కటే కాదు. వెలుతురు పైనుంచి లూర్ దాకా దిగాలి, లూర్ నుంచి మళ్ళీ చేప కంటిదాకా అడ్డంగా పోవాలి. రెండూ కలిపి లెక్క. లూర్ అడుగు లోతులోనే ఈదుతున్నా, చేప నాలుగు మీటర్ల అవతల ఉంటే ఆ నాలుగు మీటర్ల నీళ్ళూ రంగుని మింగుతాయి.

ఇదంతా తేట నీళ్ళ సంగతి. మన ఒడ్డున చాలా రోజులు ఉండేవి పచ్చ నీళ్ళు. ఆ పచ్చదనం కంటికి కనపడని చిన్న చిన్న మొక్కలది, ఫైటోప్లాంక్టన్ అంటారు. వాటిలో ఉండే పత్రహరితం ఇటు నీలాన్నీ అటు ఎరుపునీ తాగేస్తుంది. మిగిలేది పచ్చ, పసుపుపచ్చ. అందుకే ఆ నీళ్ళలో మెరిసే నిమ్మపచ్చ, మీ షాపువాడు చార్ట్రూస్ అని అమ్మేది, దూరం నుంచి కనపడుతుంది. నీలం లూర్ అక్కడ ఒక ముదురు మచ్చ, అంతే.

మరి పెద్దాయన తెల్ల లూర్ ఎందుకు ఆడింది? తెలుపు ఏ వెలుతురు మిగిలితే దాన్నే తిప్పికొడుతుంది. పచ్చ నీళ్ళలో పచ్చగా, నీలం నీళ్ళలో నీలంగా, ఎక్కడైనా చుట్టూ నీళ్ళకంటే ఒక మెట్టు వెలుగ్గా ఉంటుంది. చిన్నోడి మావగారి కోడీకకీ ఇదే కారణం.

జాలారిపేట_చిన్నోడు
మావకి సదివి ఇనిపించేను. "ఆ మేష్టారు ఏ బోటుకెల్తాడ్రా" అనడిగేడు.

ఫిజిక్స్_మాస్టారు
బోటెక్కితే వాంతులు. నేను ఒడ్డు మాస్టారినే.

రెండో_షిఫ్ట్
మాస్టారు చెప్పింది బాగుంది గానీ, తెలుపు ఒక్కటుంటే చాలనుకోకండి. నేను ప్లాంటులో డ్యూటీ దిగి అప్పికొండ వైపు వెళ్తుంటాను. వానాకాలం చివర్లో అక్కడ నీళ్ళు ఇసక కలిసి మడ్డిగా ఉంటాయి. నాది వెండి స్పూన్, చెంచా ఆకారంలో ఉండే లోహపు లూర్. మా బామ్మర్దిది అదే కంపెనీ, అదే బరువు, కాకపోతే పైన నారింజ, పసుపు పెయింటు. పక్కపక్కన నిలబడి వేశాం. వాడికి ట్రెవల్లీ చేపలు, నాకు బ్రెయిడ్ దారం కోసిన వేళ్ళు. స్పూన్లు మార్చుకున్నాక నాకు పడటం మొదలైంది, వాడికి ఆగిపోయింది. దీన్నేమంటారు?

లీడర్‌తెగింది
స్పూన్ కాదన్నా, బామ్మర్దిని మార్చి చూడాల్సింది.

రెండో_షిఫ్ట్
మా ఆవిడనడిగి చెప్తా.

ఫిజిక్స్_మాస్టారు
@రెండో_షిఫ్ట్ మీ కేసు నా మాటకి ఎదురేం కాదు. వెండి స్పూన్ అంటే అద్దం. అద్దం చుట్టూ ఉన్నదాన్నే చూపిస్తుంది. ఎండ నేరుగా తగిలితే తళుక్కుమంటుంది. మడ్డి నీళ్ళలో ఎండే దిగకపోతే చుట్టూ ఉన్న మడ్డినే చూపించి అందులో కలిసిపోతుంది. కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు ఒళ్ళంతా వెండి పూసుకుని తిరిగేది అలా కలిసిపోడానికే కదా. పెయింటు అలా కాదు, ఏ కోణంలో తిరిగినా తన రంగు తనది.

పైగా ఆ నారింజ ఫ్లోరోసెంట్ అయ్యుంటుంది. ఆ రకం పెయింటు అతినీలలోహితాన్నీ నీలాన్నీ తాగి, నారింజగానో పసుపుగానో తిరిగి కక్కుతుంది. మామూలు నారింజ చచ్చిపోయే చోట కూడా అది వెలుగుతూనే ఉంటుంది.

ఉప్పుగాలి
అది ఫ్లోరోసెంటా కాదా అన్నది షాపులోనే తేల్చుకోవచ్చు. దొంగనోట్లు చూడ్డానికి చిన్న యూవీ టార్చ్ దొరుకుతుంది కదా, దాన్ని లూర్ మీద కొట్టండి. నిజంగా ఆ పెయింటే అయితే భగ్గుమని వెలుగుతుంది. డబ్బా మీద "యూవీ" అని పెద్ద అక్షరాలతో ఉండి, టార్చ్ కొడితే చడీచప్పుడు లేనివి నా దగ్గరే ఉన్నాయి. ఇప్పుడు టార్చ్ బ్యాగులో లేకుండా షాపుకి పోను. షాపువాళ్ళకి నేనంటే గిట్టదు.

సాగర్‌నగర్_కొత్తగాలం
ఒక డౌటు. ఎరుపు కనపడదన్నారు. మరి ఎర్ర తల, తెల్ల ఒళ్ళు లూర్‌ని అందరూ పొగుడుతారేం? ఏ వీడియో చూసినా అదే.

ఫిజిక్స్_మాస్టారు
ఎరుపు నల్లబడితే దానర్థం ముదురు తల, తెల్ల ఒళ్ళు. ముదురూ లేతా పక్కపక్కనే ఉంటే కంటికి ఆనుతుంది. ఎరుపు బదులు ముదురు గోధుమో నలుపో పూసినా దూరంలో ఉన్న చేపకి తేడా తెలీదు.

భీమిలి_మొగ
మాస్టారూ, మళ్ళీ లోతు నీళ్ళ లెక్కలోకి పోతున్నారు. ఒడ్డున మనం మిన్నో వేసేది మీటరు లోపే. మీటరులో ఎరుపు ఎరుపే. చేప దగ్గరకొచ్చి చూసిందంటే దానికి ఎరుపే కనపడుతుంది.

ఫిజిక్స్_మాస్టారు
దగ్గరకొచ్చాక, సరే. దగ్గరికి రప్పించేది ఏది అన్నదే నా ప్రశ్న.

భీమిలి_మొగ
దగ్గరికొచ్చి మొహం తిప్పుకుని పోయేవి ఎన్నో చూశాను. కాబట్టి నా ప్రశ్న రెండోది.

ఇక నది సముద్రంలో కలిసే మొగ దగ్గర కథ వేరు, కొత్తగాలం తమ్ముడు ఇటు కూడా రావాలి. గోస్తనీ బొర్రా గుహల మీదుగా వచ్చి, తాటిపూడి దాటి, మా భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. గట్టి వాన పడ్డ మర్నాడు వచ్చి చూడండి. నది నీళ్ళు ఒకపక్క, ఎర్రమట్టి దిబ్బల గెడ్డలు పారితే ఆ నీళ్ళు ఇంకోపక్క. ఒడ్డు వెంట ఎర్రటి పట్టీ పరుచుకుని, దాని అవతల పచ్చ నీళ్ళు మొదలయ్యే గీత స్పష్టంగా కనపడుతుంది. ఆ గీత వెంట చెత్తా నురగా తేలుతుంటాయి, కింద కత్తిపరిగెలు తిరుగుతుంటాయి, వాటి కింద పండుగప్ప కాచుకుని ఉంటుంది. మొగలో ఎక్కడ వెయ్యాలా అని వెతుక్కోవద్దు, ఆ గీత మీదే వేయండి.

రంగు సంగతి: ఎర్రమట్టి నీళ్ళలో ముందు పోయేది నీలం, తేట సముద్రానికి పూర్తిగా తలకిందులు. పసుపు, నారింజ వైపు వెలుతురే మిగులుతుంది. అందుకని గీతకి ఎర్ర పక్కన వేస్తే బంగారు రంగు, లేకపోతే నలుపు. పచ్చ పక్కన వేస్తే తెలుపు, నిమ్మపచ్చ. ఒళ్ళు లావుగా, వణుకు గట్టిగా ఉన్న లూర్ అయితే మేలు. మడ్డిలో చేప కంటికంటే ముందు ఒంటి పక్క గీతతో నీటి కదలికని పసిగడుతుంది. లోపల గుండ్లు గిలకరించే రకం ఉంటే ఇంకా మంచిది.

సాగర్‌నగర్_కొత్తగాలం
నలుపా? మడ్డి నీళ్ళలో నలుపు ఎలా కనపడుతుంది?

భీమిలి_మొగ
చేప కింద ఉండి పైకి చూస్తుంది బాబూ. ఎంత మబ్బు పట్టినా, రాత్రయినా, నీటి అడుగుకంటే ఆకాశం వెలుగే. ఆ వెలుగు మీద నల్లటి ఆకారం గట్టిగా తెలుస్తుంది. పండుగప్ప కంటి వెనక వెలుతుర్ని తిప్పికొట్టే పొర ఉంటుంది, రాత్రి టార్చ్ వేస్తే కన్ను నిప్పుకణికలా మెరిసేది అందుకే. ఉన్న కాస్త వెలుతుర్నీ రెండుసార్లు వాడుకునే కన్ను అది. చీకట్లో దానికి రంగులు చూపించి లాభం లేదు, ఆకారం చూపించాలి. నల్ల లూర్, నీటి పైపైన, నిదానంగా.

లీడర్‌తెగింది
చేపకి కనపడుతుంది సరే. నల్ల లూర్ రాళ్ళ సందులో పడితే నాకెలా కనపడాలి?

భీమిలి_మొగ
వీపు మీద తెల్ల నెయిల్ పాలిష్ చుక్క పెట్టు. నీకు పైనుంచి కనపడుతుంది, కింద ఉన్న చేపకి ఆ చుక్క ఉన్నట్టే తెలీదు.

ఉప్పుగాలి
నెయిల్ పాలిష్ ఎవరిదో వాళ్ళనడిగి తీసుకోండి. ఇది అనుభవంతో చెప్తున్నా, పోగొట్టుకున్నదాని తరఫున.

కొర్రమీను_భక్తుడు
మీరంతా ఉప్పు నీళ్ళలోనే మునిగారు, మంచినీళ్ళ వాళ్ళం కూడా ఉన్నాం. మొగ అన్న చెప్పిన "కింద నుంచి చూస్తుంది" అన్నది ఫ్రాగ్ లూర్‌కి, అంటే రబ్బరు కప్పకి, ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. ఆనందపురం, సబ్బవరం వైపు చెరువుల్లో గుర్రపుడెక్క మీద, తామరాకుల మీద ఫ్రాగ్ వేస్తాం. షాపులో దాని వీపు మీద మచ్చలు, కళ్ళు, గీతలు చూసి మురిసిపోయి కొంటాం. కొర్రమీనుకి ఆ వీపు కనపడనే కనపడదు. దానికి కనపడేది పొట్టా, తోకలా వేలాడే ఆ రబ్బరు పోగులూ. అందుకే నా దగ్గర తెల్లపొట్ట ఒకటి, నల్లపొట్ట ఒకటి, అంతే. ఎండ నిలువుగా పడి ఆకుల సందుల్లోంచి దిగుతుంటే తెల్లపొట్ట, పొద్దు వాలితే నల్లపొట్ట.

రంగుకంటే ముఖ్యం ఇది: ఫ్రాగ్‌ని ఆకు మీద నిలిపి, ఒక్క క్షణం ఆపి, అంచు మీంచి నీళ్ళలోకి "తప్" మని జార్చాలి. నూటికి తొంభై సార్లు ఆ చప్పుడుకే నోరు తెరుస్తుంది. ఎర్రటి పిల్లల గుంపు నీటి పైన సుళ్ళు తిరుగుతుంటే మాత్రం అక్కడ వెయ్యకండి. కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది, ఏ రంగు వేసినా కోపంతో కొడుతుంది. దాన్ని పట్టుకుపోతే పిల్లలన్నీ ఇతర చేపలకి పలారమే.

చెరువులు చాలావరకు లీజువి. అడక్కుండా వేస్తే లూర్ రంగు కాదు, మీ రంగు మారుతుంది.

జిగ్గింగ్_పిచ్చోడు
లేటుగా వచ్చాను. బోటు మీద లోపలికెళ్ళి 60-80 మీటర్ల లోతులో మెటల్ జిగ్ (బరువైన లోహపు లూర్) వేసే పార్టీ మాది. అక్కడ గులాబీ జిగ్ గులాబీగా ఉండదని మాస్టారు చెప్పక ముందే తెలుసు. అయినా కొంటాను, నా డబ్బు నా ఇష్టం.

ఆ లోతులో నా నమ్మకం గ్లో, అంటే చీకట్లో వెలిగే పూత మీద. అందులోనూ ఒళ్ళంతా గ్లో ఉన్నది కాదు, జీబ్రా చారల గ్లో. జిగ్ పల్టీలు కొడుతూ దిగుతుంటే చారలు వెలుగుతూ ఆరుతూ ఉన్నట్టుంటుంది. గ్లో పూతల్లో రెండు రకాలున్నాయి. పాతది జింక్ సల్ఫైడ్, కాసేపటికే డల్ అవుతుంది. స్ట్రాన్షియం అల్యూమినేట్ అయితే చాలాసేపు నిలుస్తుంది. కొనేటప్పుడు చేతులు అడ్డుపెట్టి చీకటి చేసి ఐదు నిమిషాలు చూడండి. వెంటనే మసకబారిందంటే వదిలేయండి.

నీళ్ళు తేటగా, ఎండ నడినెత్తిన ఉంటే గ్లో తీసేసి నీలం-వెండి పెడతాను. లోపలి నీళ్ళలో తిరిగే చేపల కళ్ళు ఎక్కువగా నీలం, పచ్చ వెలుతురుకే అలవాటుపడి ఉంటాయి.

సాగర్‌నగర్_కొత్తగాలం
స్క్విడ్ జిగ్‌లు కూడా రెండు అంటగట్టాడు, గులాబీ ఒకటి నారింజ ఒకటి. స్క్విడ్‌కి ఏ రంగు?

ఫిజిక్స్_మాస్టారు
స్క్విడ్‌లు చాలావరకు రంగు గుడ్డివి. కంట్లో వెలుతుర్ని పట్టేది ఒకే రకం. ముదురు, లేత తెలుస్తాయి గానీ గులాబీకీ నారింజకీ తేడా తెలీదు.

లీడర్‌తెగింది
మరి ఆ గులాబీ ఎవరికోసం మాస్టారూ?

ఫిజిక్స్_మాస్టారు
బిల్లు కట్టేవాడి కోసం.

ఉప్పుగాలి
రంగు మీద ఇంత మాట్లాడుకున్నారు, ఎండ ఎటు నుంచి పడుతుందన్నది ఎవరూ ఎత్తలేదు. మన ఒడ్డున ఇది చాలా ముఖ్యం. ఇక్కడ పొద్దు సముద్రంలోంచి లేస్తుంది, కైలాసగిరి వెనక్కి దిగిపోతుంది. మనం లూర్‌ని ఒడ్డువైపు లాగుతాం. వెంబడించే చేప సముద్రం వైపు నుంచి వస్తూ ఒడ్డువైపు చూస్తుంది. పొద్దున పూట సూర్యుడు దాని వెనకాల ఉంటాడు, ఎండ లూర్ మీద నేరుగా పడుతుంది. కాబట్టి వెండి, బంగారం తళుకులు, పక్కలకున్న రంగు, అన్నీ కనపడతాయి. నేను స్పూన్‌లూ తళుకు జిగ్‌లూ వాడేది పొద్దు కాస్త పైకొచ్చాకే. సరిగ్గా పొద్దు పొడిచే వేళ ఎండ నీటి మీద ఏటవాలుగా తగిలి చాలామటుకు పైనుంచే జారిపోతుంది, లోపల ఇంకా మసకే. ఆ కాసేపు తెలుపో, నీటి పైన చప్పుడు చేసే పాపరో.

సాయంత్రం తిరగబడుతుంది. వెలుతురంతా ఒడ్డు వైపు ఆకాశంలో ఉంటుంది. చేప ఆ వెలుతురులోకి చూస్తూ వస్తుంది. లూర్ దానికి నీడలా కనపడుతుంది. పక్కల మీద ఏ బొమ్మ వేసున్నా దండగే. ముదురు రంగు, నిండు ఆకారం. పైగా కొండ నీడ వల్ల తెన్నేటి పార్క్ దగ్గర ముందే మసకబారుతుంది, టైము చూసుకుని కాదు నీడ చూసుకుని మార్చుకోవాలి.

భీమిలి_మొగ
బాగుంది గానీ, చేప ఎప్పుడూ వెనక నుంచే వస్తుందని ఎవరన్నారు? ట్రెవల్లీ పక్క నుంచి అడ్డం కొడుతుంది. పండుగప్ప కింద నుంచి మింగుతుంది. మన రాళ్ళ దగ్గర ఉండేవి అసలు ఒడ్డు వైపే దాక్కుని సముద్రం వైపు చూస్తుంటాయి.

ఉప్పుగాలి
రాళ్ళ కింద ఉన్నదాని సంగతి వేరు, ఒప్పుకుంటా. దానికి నేను చెప్పింది సరిగ్గా తలకిందులు చేసుకోండి. క్వీన్‌ఫిష్, బారకూడా, కోనాం లాంటి తరిమే చేపలకి మాత్రం నా మాటే.

రెండో_షిఫ్ట్
ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు. పడమటి తీరం వాళ్ళ వీడియోలు చూసి పొద్దున రంగులు మనం కూడా పొద్దునే వేస్తున్నాం. వాళ్ళకి పొద్దున వెలుతురు వీపు వైపు కదా.

జాలారిపేట_చిన్నోడు
ఉప్పుగాలి అక్క సెప్పింది మావకి సదివేను. ఈసారి ఏటీ అన్నేదు. బుర్ర ఊపేడు.

లీడర్‌తెగింది
అక్కకి డాక్టరేట్ వచ్చినట్టే. మాస్టారికి ఇంకా వైవా ఉంది.

సాగర్‌నగర్_కొత్తగాలం
నీళ్ళు తేటా మడ్డా అన్నది కంటి అంచనాతో చెప్పేస్తున్నాం. కొలత ఏమైనా ఉందా?

ఫిజిక్స్_మాస్టారు
ఉంది, పైసా ఖర్చు లేదు. 1865లో ఆంజెలో సెచ్చి అనే ఇటలీ మతాచార్యుడు మధ్యధరా సముద్రంలో తెల్ల పళ్ళేన్ని తాడు కట్టి దింపి, ఎంత లోతులో మాయమవుతుందో చూశాడు. ఇప్పటికీ శాస్త్రజ్ఞులు ఓడల మీద అదే వాడతారు. మీరు మెరవని తెల్ల ప్లాస్టిక్ ప్లేటుకి కన్నం పెట్టి, అడుగున సీసం గుండు కట్టి, తాడుకి అర మీటరుకో ముడి వేయండి. నీడ పక్కన నిలబడి దింపండి. రెండు మీటర్లు దాటి కనపడితే సహజమైన రంగులు, నెత్తళ్ళ రంగు, కవళ్ళ రంగు, చిన్న సైజు. మీటరు కూడా కనపడకపోతే నిమ్మపచ్చ, ఫ్లోరోసెంట్ నారింజ, నలుపు, పెద్ద సైజు. ఈ రెండు మీటర్లూ ఒక మీటరూ నా సొంత గీతలు, సెచ్చిగారివి కావు.

జాలారిపేట_చిన్నోడు
మావ తెడ్డు ముంచుతాడు. తెడ్డు ఆకు ఎంతవరకి అవుపిస్తే అంత. పళ్ళెం ఎత్తుకెల్తే బోజనానికొచ్చేవా అంటారు.

జిగ్గింగ్_పిచ్చోడు
సీజన్ కూడా చూసుకోండి. ఫిబ్రవరి నుంచి మే దాకా మన తీరం వెంట ప్రవాహం ఉత్తరానికి నడుస్తుంది, ఒడ్డు దగ్గర అడుగునున్న చల్లనీళ్ళు పైకొస్తాయి. అందులో ఎరువు ఎక్కువ, పచ్చదనం ఎక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ప్రవాహం దక్షిణానికి తిరిగి, ఉత్తరాన నదులు కక్కిన మంచినీళ్ళని మోసుకొస్తుంది. ఒకే బీచ్‌లో ఒకే లూర్ మార్చిలో ఆడి నవంబరులో ఆడకపోతే లూర్‌ని తిట్టకండి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళు శాటిలైట్‌తో నీటి వేడీ పత్రహరితమూ చూసి, చేపలు ఎక్కడ ఉండొచ్చో మత్స్యకారులకి సమాచారం ఇస్తారు. పచ్చ నీళ్ళకీ నీలం నీళ్ళకీ హద్దు ఎక్కడుందో అందులోనే తెలుస్తుంది.

మే నెలాఖరుకి ఒక బోటు ట్రిప్ వేద్దామనుకుంటున్నా, ఎవరొస్తారు?

అడ్మిన్
@జిగ్గింగ్_పిచ్చోడు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్లకీ మోటారు బోట్లకీ వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ట్రిప్ ముచ్చట జూన్ 15 తర్వాత పెట్టుకోండి. అందరికీ ఇంకో మాట: నేవీ హద్దులు, పోర్టు ఛానెల్ దగ్గర రాళ్ళూ గాలాలకి కాదు. అక్కడి ఫొటోలు ఈ చర్చలో పెడితే తీసేస్తాను.

సాగర్‌నగర్_కొత్తగాలం
సరే, అందరూ కలిసి ఒక్క మాట మీదకి రండి. ఊదా, గులాబీ ఎవరికైనా ఇచ్చేసి కొత్తగా కొనాలంటే ఏవి?

రెండో_షిఫ్ట్
తెలుపు, ఫ్లోరోసెంట్ నారింజ. ఇంకేం వద్దు.

భీమిలి_మొగ
తెలుపు, నలుపు, బంగారం.

ఉప్పుగాలి
ఏదీ కొనొద్దు. ఉన్నవాటిలో ముదురు ఒకటి, లేత ఒకటి, తళుకు ఒకటి పక్కకి తీసి పెట్టుకో. ఊదా ఎవరికీ ఇవ్వకు, సాయంత్రం పూట నీకు అదే ముదురు. మిగిలిన డబ్బుతో మంచి ట్రెబుల్ హుక్‌లూ (మూడు కొక్కేల గాలాలు), కోనాం పళ్ళకి తెగని సన్నటి గోధుమరంగు వైరూ కొను. మెరిసే స్టీలు వైరు వద్దు, లూర్ కంటే ముందు వైరే కనపడుతుంది.

ఫిజిక్స్_మాస్టారు
ఉప్పుగాలి గారి లిస్టుకి నా ఓటు. ఒక్కటే కలుపుతాను. రంగు మార్చే ముందు లోతు మార్చు, తర్వాత వేగం మార్చు, ఆ తర్వాతే రంగు. ప్రతి పది విసుర్లకీ రంగు మారుస్తుంటే ఏది పనిచేసిందో నీకెప్పటికీ తెలీదు.

జిగ్గింగ్_పిచ్చోడు
నేను ఒప్పుకోను. చేప కనపడుతూ కొట్టకపోతే ముందు రంగే మారుస్తాను. మెలిక తిప్పి క్లిప్ తీయడం ఒక్క క్షణం పని.

కొర్రమీను_భక్తుడు
మొదలైంది మళ్ళీ.

జాలారిపేట_చిన్నోడు
మీరిక్కడ కొట్టుకోండి. ఈయేల పొద్దున్న మావ వల ఇప్పినప్పుడు నీళ్ళు పచ్చగున్నాయి, తెడ్డాకు సగం వరకే అవుపించింది. నెత్తళ్ళు ఒడ్డుకానేసి ఉన్నాయి, ఎనకాల పెద్దవి కొడతన్నాయి. మీ నిమ్మపచ్చ పట్టుకు రండి.

సాగర్‌నగర్_కొత్తగాలం
ఎక్కడ చిన్నోడూ? జోడుగుళ్ళపాలెం వైపా, లాసన్స్ బే వైపా?

జాలారిపేట_చిన్నోడు
అది సెప్పను.